ఆయన కంటి లెన్సులు

సాయంత్రం కాఫీ గ్లాసులు కడిగేక, శ్రీవల్లి మొగుడి కంటి లెన్సు అరచేతిలో పెట్టుకుని, మందునీళ్ళ చుక్కలు వేసి, చూపుడువేలితో మెల్లగా రుద్దేది. ఆరేళ్ళుగా రోజూ ఇదే పని. కళ్ళజోడు పెట్టుకుంటే వయసు కనపడిపోతుందని నాగసాయి బాధ. "నువ్వు చదివేదే కెమిస్ట్రీ కదా, నీ చేతికైతే మురికి బాగా వదుల్తుంది" అన్నాడు మొదటిరోజే. అమలాపురం కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు, ఇంట్లో వంట, పైన ఈ రుద్దుడు. వీటి మధ్యనే, ప్లాస్టిక్‌కి ప్రోటీన్లు ఎలా అంటుకుంటాయన్న దానిమీద పీహెచ్‌డీ పూర్తిచేసింది. అత్తగారు కనకమహాలక్ష్మి గారు పలివెల చుట్టాలకి ఆ సంగతి ఇలా చెప్పేరు: "ప్లాస్టిక్ డబ్బాకి పెరుగు అంటుకుంటే ఎందుకు వదలదో చదివిందండి, ఆయ్. ఆరేళ్ళు! పీచుతో తోమితే పోదూ?"

కాలేజీవాళ్ళు సన్మానం పెట్టేరు. ప్రసంగం రాసుకునే హడావిడిలో నాలుగురోజులు లెన్సుల మాట మర్చిపోయింది. సన్మానం రోజు, నిజంగా మర్చిపోయేనా అని తనని తానే అడుగుతూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అంతా మసగ్గా ఉందేంటి? కడగలేదా?" అని కేకేసేడు నాగసాయి.

"కళ్ళజోడు పెట్టుకోండి."

"స్టేజీ మీదా? ఫొటోలు తీస్తారే!"

ఆ లెన్సులతోనే వచ్చేడు. భార్య గెలుపులో తన ప్రోత్సాహం గురించి రెండు కాగితాలు రాసుకొచ్చేడు పాపం. మైకు ముందు కాగితం దూరంగా పట్టేడు, దగ్గరగా పట్టేడు. "నా భార్య..." అని ఆగేడు. మూడోసారీ అక్కడే ఆగితే, అయిపోయిందనుకుని ఎవరో చప్పట్లు కొట్టేరు.

ప్రిన్సిపాల్ సీతారత్నం గారు మైకు అందుకున్నారు. "శ్రీవల్లి గారూ, మీరేం కనిపెట్టేరో పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి."

శ్రీవల్లి తన ప్రసంగం మడిచేసింది. "అది మావారి కళ్ళల్లో ఉందండి" అంది. హాలంతా నాగసాయి వైపు తిరిగింది. "కన్నీళ్ళలో ప్రోటీన్లుంటాయి. లెన్సు ప్లాస్టిక్ మీద మొదట ఊరికే వాలతాయి. అలా చోటిస్తూ పోతే, ముడుచుకున్న ఒళ్ళు విప్పుకుని పరుచుక్కూచుంటాయి. ఇంక నీళ్ళతో కడిగితే లేవవు. రోజూ రుద్దాల్సిందే. మావారు వాడి పారేసిన లెన్సులే నా శాంపిళ్ళు."

వెనక బెంచీలోంచి హిమజ అనే అమ్మాయి లేచింది. "మరి ఎవరు రుద్దాలి మేడం?"

ముందు వరసలో అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో, ఇంకేమిటో తెలీలేదు. శ్రీవల్లి మొగుడి కేసి చూసింది. ఆయన కళ్ళు చికిలించి ఎటో చూస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ నేనే రుద్దేనమ్మా" అంది. "ప్రయోగం నాలుగురోజుల క్రితమే అయిపోయింది."