చిలక వేళ్ళ వణుకు

నమాజులో పక్కచూపులు చూడకూడదని ఆమెకు తెలియక కాదు. కానీ కన్నకూతురు పక్కన నిలబడితే ఆమె చూపు ఒకచోట నిలవదు. ఆ సాయంత్రం కూడా కనుకొసల్లోంచి అలా ఒక్కసారి చూసింది. చిలక చేతులు కట్టుకుని బుద్ధిగానే నిలబడి ఉంది గానీ, ఎడమ మణికట్టు మీద వేసిన కుడిచేతి వేళ్ళు ఊరుకోవడం లేదు. సన్నగా, ఒకదాని వెంట ఒకటి అదురుతున్నాయి.

ఇంకెక్కడి నమాజు! నోరు చదువుతూనే ఉంది, బుర్ర మాత్రం అప్పుడే ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూచుంది.

చిలకకు పదమూడేళ్ళు. పుట్టుకతోనే చెవులు వినిపించవు, అందుకని మాటా రాలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో, ఉయ్యాల్లో కాళ్ళాడిస్తున్న పసిదాన్ని చూసి మురిసిపోయి నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు అది. తెలిశాక మార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు.

బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే భర్త ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, తువ్వాలు అందించే లోపే విషయం చెప్పేసింది.

"ఏమండీ, చిలక వేళ్ళు వణుకుతున్నాయి."

"చలేమో."

"ఇంత ఉక్కలో చలేంటండీ? అది నరాల జబ్బు. మొదట వేళ్ళతోనే మొదలవుతుందట. తర్వాత చెయ్యి, ఆ తర్వాత..."

"ఆగాగు. పోయిన నెల నా దగ్గు టీబీ అన్నావు. అంతకు ముందు అమ్మకి తేన్పొస్తే గుండెపోటన్నావు. మా డిపోలో మంటలంటుకుంటే మోగే సైరన్ ఒకటుంది. పదేళ్ళలో రెండుసార్లు మోగింది. నువ్వు పూటకోసారి మోగుతావు."

మంచం మీంచి అత్తగారు కలగజేసుకుంది. "ఆ తేన్పు నిజంగా గుండెపోటే అయ్యుంటే అప్పుడు తెలిసేది నీకు. కోడలి మాట విను."

అత్తగారు తన వైపు మాట్లాడటం ఎప్పుడో గానీ జరగదు. దాంతో ఆమెకు భయం ఇంకాస్త బలపడింది.

మూడు రోజులు కూతుర్ని కనిపెట్టి చూసింది. ఆమె ఇంట్లోనే కూచుని దర్జీ దుకాణానికి కాజాలు కుట్టి ఇస్తుంది. చిలక పక్కన చేరి సూదికి దారం ఎక్కించి పెడుతుంది. ఒక్కసారికే ఎక్కిస్తుంది, చెయ్యి ఇసుమంత కదలదు. పళ్ళేలు తుడిచేటప్పుడు వణుకు లేదు. బడి పుస్తకంలో రాసేటప్పుడు లేదు. నమాజులో నిలబడితే చాలు, మొదలవుతుంది. వంగితే ఆగుతుంది. మళ్ళీ లేచి నిలబడితే మళ్ళీ మొదలు. ఇలాంటి రోగం లోకంలో ఎక్కడైనా ఉందా? లేదంటే, డాక్టర్లకు కూడా అంతుపట్టని రోగమన్నమాట.

కూతుర్నే అడగొచ్చు కదా అంటే, పిల్ల బెదిరిపోతుందని అడగలేదు. అడుగుదామన్నా ఆమె దగ్గర అంత భాష లేదు. తల్లీకూతుళ్ళ మధ్య నడిచేవి ఓ నలభై సైగలు. తిను, పడుకో, రా, వద్దు, నాన్న, నొప్పి, జాగ్రత్త. అందులో 'జాగ్రత్త' ఒక్కటే రోజుకు నలభైసార్లు.

డాక్టరు చిలక మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. చేతులు చాపించి, మీద కాగితం పెట్టి చూశాడు. కాగితం కదల్లేదు.

"అమ్మాయికేం లేదమ్మా," అన్నాడు.

"సరిగ్గా చూడండి డాక్టరుగారూ. నిలబడితేనే వస్తుంది."

నిలబెట్టి చూశాడు. రాలేదు. ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, "మీకు నిద్ర సరిగా పడుతోందా?" అన్నాడు. చివరికి చిలకకు కాక ఆమెకు బీపీ చూశారు. పట్టీ బిగిస్తున్నంతసేపూ చిలక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

డాక్టరుకు దొరకని కారణం ఆమెకే దొరికింది. ఇదంతా ఆ క్లాసు వల్లే.

మసీదు పక్క గదిలో, వినికిడి లేనివాళ్ళకు సైగల్లో ఖురాన్ నేర్పే క్లాసు పెట్టి నాలుగు నెలలైంది. అరబీ అక్షరాల్లో ఒక్కోదానికి ఒక్కో వేలి గుర్తు. చిలక రోజూ బడి నుంచి వచ్చి, సంచీ మార్చుకుని, అటు నుంచి అటే పరిగెత్తేది. అంతవరకూ అందరితో పాటు వంగి లేవడమే దానికి తెలిసిన నమాజు. క్లాసులో చేర్చుకున్న రోజు ఆమె ఇంటికొచ్చి కళ్ళు తుడుచుకుంటూ దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకుందో! ఇప్పుడు ఆ నోటితోనే అనుకుంది: రోజూ గంటసేపు ఆ లేతవేళ్ళను అలా మెలితిప్పితే నరాలు అలిసిపోవా? ఇక చాలు, మాన్పించేద్దాం.

మర్నాడు చిలక వచ్చేసరికి క్లాసు సంచీ కనబడలేదు. మంచం కింద వెతికింది, తలుపు వెనక వెతికింది. తల్లి మొహం చూడగానే సంగతి పోల్చుకుంది. 'వద్దు' అని తల్లి సైగ చేసింది. చెయ్యి చూపించి 'నొప్పి' అంది. లేదని చిలక తల అడ్డంగా ఊపింది. తల్లి మళ్ళీ 'వద్దు' అంది. అప్పుడు చిలక నేల అదిరేలా కాలితో ఒక్క తన్ను తన్ని, గుమ్మానికి అడ్డంగా కూలబడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతులోంచి ఒక మూలుగు వస్తోంది, అది తనకు వినబడదు. వినగలిగే తల్లికి మాత్రం గుండె కోసినట్టయింది.

"ఎందుకే ఏడిపిస్తావు దాన్ని? మాన్పించాలంటే ఆ పంతులమ్మతో ఒక మాట చెప్పి మాన్పించు," అంది అత్తగారు. "దొంగలా సంచీ దాచడం ఏంటి?"

అదీ నిజమే. బియ్యం డబ్బాలోంచి సంచీ తీసి, చిలక చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

ఆ క్లాసు గది కిటికీలకు తెరలుండవు. చేతులు బాగా కనబడాలి కదా, వెలుతురు ధారాళంగా పడాలి. పిల్లలు వరుసల్లో కాకుండా గుండ్రంగా కూచుంటారు. అందరూ తనవైపు చూడాలంటే పంతులమ్మ గోడ మీది లైటు రెండుసార్లు వేసి ఆర్పుతుంది. పంతులమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. తల్లీతండ్రీ ఇద్దరూ వినలేనివాళ్ళు కావడంతో పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో సైగల భాషే.

గుమ్మంలోనే నిలబడి తల్లి చెప్పాల్సిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "మీరు చేసిన మేలు మరచిపోనమ్మా. కానీ పిల్ల నరాలు పోతే ఎవరం ఏం చెయ్యగలం? ఇవాల్టితో ఆపేస్తాం."

పంతులమ్మ తొందరపడలేదు. "ఎప్పుడు వణుకుతున్నాయక్కా?"

"నమాజులో."

"మొత్తం నమాజంతా?"

"లేదు. నిలబడి ఉన్నంతసేపే. వంగితే ఆగుతాయి."

పంతులమ్మ చిలక వైపు తిరిగి సైగల్లో ఏదో అడిగింది. చిలక తల్లి వైపు బెరుగ్గా చూసి, చేతులు విప్పి గబగబా జవాబు చెప్పింది. చాలాసేపు చెప్పింది. తన కూతురికి అన్ని మాటలు వచ్చని తల్లికి అప్పటిదాకా తెలియదు.

పంతులమ్మ కళ్ళు తడి అయ్యాయి. "అక్కా, ఇలా కూచోండి. భయపడే విషయం కాదు. ఒకటి చూపిస్తాను," అని చిలకకు సైగ చేసింది.

చిలక గది మధ్యలో నిలబడింది. ఎడమ మణికట్టు మీద కుడిచెయ్యి వేసింది. వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. పంతులమ్మ ముందుకు వంగి, ఆ వేళ్ళ మీదే చూపు నిలిపి, వాటి వెంట మెల్లగా పైకి చదవసాగింది.

మొదటి మాటకే తల్లి పోల్చుకుంది. అది ఫాతిహా, ఖురాన్‌లో మొదటి అధ్యాయం. ప్రతి నమాజులో నిలబడి చదివేది, చిన్నప్పటి నుంచీ తన నాలుక మీద ఉన్నది. వేళ్ళు సాగితే గొంతు సాగుతోంది. వేళ్ళు ఒక వాక్యం చివర ఆగితే గొంతూ ఆగుతోంది. ఒకచోట చిలక తడబడి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ సరిగా చదివింది. పంతులమ్మ గొంతు కూడా వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. ఏడు వాక్యాలూ అయిపోయాయి. వేళ్ళు నిలిచిపోయాయి.

పదమూడేళ్ళలో మొదటిసారి ఆ తల్లి తన కూతురు చదువుతుండగా వింది.

"ఇది నేను నేర్పింది కాదక్కా," అంది పంతులమ్మ. "క్లాసులో మేము చెయ్యి ఎత్తి, పెద్దగా చూపిస్తాం. మొదట్లో ఇంట్లో కూడా అలాగే చదివిందట. మీరు రెండుసార్లు చేతులు పట్టుకుని కట్టేశారట."

గుర్తొచ్చింది. నమాజులో చేతులు ఆడిస్తోందేమిటని, నమాజు చివర సలాం తిప్పగానే దాని రెండు చేతులూ తెచ్చి గట్టిగా కట్టి, కళ్ళురిమి చూపించింది.

"అమ్మకి నచ్చలేదని, ఎవరికీ కనబడకుండా చదవడం తనంతట తనే సాధన చేసిందట. 'అమ్మ తప్పు లేదు, అమ్మకి ఈ భాష రాదు' అంటోంది."

తల్లి నోట వచ్చినది చివరికి భయమే. "అలా వేళ్ళు కదిపితే నమాజు చెల్లుతుందా అమ్మా?"

"క్లాసు మొదలుపెట్టేటప్పుడే ఇమాం గారిని అడిగాను. ఎవరికి ఏది చేతనైతే అదే వాళ్ళ చదువు, మనసులో అనుకున్నా చాలు, వేళ్ళతో అన్నా తప్పులేదన్నారు. మా నాన్న ముప్ఫై ఏళ్ళు పక్కవాణ్ణి చూసి వంగాడు, పక్కవాణ్ణి చూసి లేచాడు. ఏం చదువుతున్నారో ఆయనకెవరూ చెప్పలేదు. చిలక అలా పక్కవాళ్ళను చూసి నిలబడక్కర్లేదు. మీరు మాత్రం గురువారం క్లాసుకి రావాలి. ఇంట్లోవాళ్ళ కోసం పెట్టిందే అది. నాలుగు నెలలుగా కబురు పంపుతున్నాను."

"నాదంతా ఐదో తరగతి బుర్రమ్మా. నాకేం ఎక్కుతుంది?"

"కాజాలు కుట్టే వేళ్ళు మీవి. బుర్ర సంగతి నాకొదిలెయ్యండి."

ఆమె లేచి చిలక దగ్గరకు వెళ్ళింది. చేసిన తప్పుకు చెప్పాల్సిన సైగ ఆ నలభైలో లేదు. దాని రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. పిల్లలందరి ముందూ అమ్మ అలా చేస్తే చిలక సిగ్గుతో ముడుచుకుపోయింది. చేతులు లాక్కుని, సంచీ అందుకుని వెళ్ళి తన చోట కూచుంది.

గురువారం ఇంటిల్లిపాదీ క్లాసుకు దిగారు. భర్త వేళ్ళు నట్లు బిగించీ బిగించీ మొద్దుబారి ఉన్నాయి. ఒక్క వేలు మడవమంటే మూడు మడుస్తాడు. అత్తగారి కీళ్ళు అసలు వంగవు. "నా వేళ్ళకి నత్తి పంతులమ్మా," అంటే, "నత్తితో చదివినా చెల్లుతుంది నాయనమ్మా, కానివ్వండి," అంది పంతులమ్మ. చిలక తల్లి మాత్రం మొదటి రోజే ఎనిమిది అక్షరాలు నేర్చింది. ఇంటికొచ్చి, చిలక సరిచూస్తుంటే, చేతి పని పక్కన పెట్టి సాధన చేసింది. చిలక కఠినమైన గురువు. వేలు ఒక్క పిసరు వంకర పోయినా మోకాలి మీద తట్టి మళ్ళీ చెయ్యమంటుంది.

"అల్లా మాటని తప్పు చదువుతానేమోనని భయంగా ఉందండీ," అంది భర్తతో.

"సైరన్ మోగింది," అన్నాడాయన.

రెండు నెలలకు నలభై సైగలు మూడు వందలు దాటాయి. ఒక సాయంత్రం, నమాజు అయ్యాక ఆమె అరచేతులు తెరిచి ఎప్పటిలాగే చాలాసేపు కూచుంది. లేవబోతుంటే చిలక ఎదురుగా వచ్చి చతికిలబడింది.

'రోజూ అంతసేపు ఏం అడుగుతావు?' అంది వేళ్ళతో.

ఆమె మాట కోసం వెతుక్కుని, మెల్లగా కూర్చుకుంది. 'నీకు ఏమీ కాకూడదని. నాన్నకి. నాయనమ్మకి.'

'ఇంకా?'

'బస్సు కింద ఎవరూ పడకూడదని. ఇల్లు కాలిపోకూడదని.'

చిలక ముక్కు చిట్లించింది. 'అన్నీ అడగడమేనా? ఇచ్చినవాటికి ఏమీ అనవా?'



చిలక లేచి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ అరచేతులు తెరిచింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. పంతులమ్మతో మొదలుపెట్టింది. ఆ పంతులమ్మను కని, భాష నేర్పిన వినలేని తల్లిదండ్రులు. సుత్తితో కొట్టి ఏమీ లేదన్న డాక్టరు. దాచిన సంచీ తీయించిన అత్తగారు. పని నుంచి వచ్చీ రాగానే తనతో పాటు క్లాసుకు నడిచే భర్త. తల్లి కట్టేసిన చేతుల్లోనే దారి వెతుక్కున్న చిలక. మధ్యలో, పొయ్యి ఆర్పానా లేదా అని ఒక అనుమానం తలెత్తింది. దాన్ని అలాగే కూచోబెట్టింది.

"భోజనానికి రావా?" అని భర్త రెండుసార్లు పిలిచాడు.

"ఉండండి, ఇంకా అవలేదు," అంది ఆమె.