శుక్రుణ్ణి కిందికి దింపినవాడు

బోర్డులు రాయడం నా వృత్తి. దిద్దడం నా దుర్బుద్ధి. ఎవరు ఏ కాగితం ఇచ్చినా తప్పులు సరిచేసే రాస్తాను. ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు.

బడి గోడ మీద గ్రహాల బోర్డు రాయమని సైన్సు టీచరు కాగితం ఇచ్చింది. పైన ‘వేడి నుంచి చలికి’ అని ఉంది. మొదట శుక్రుడు, తర్వాత బుధుడు. నాకు నవ్వొచ్చింది. సూర్యుడికి పక్కింటివాడు బుధుడు. పొయ్యి పక్కనున్నవాణ్ణి వదిలేసి గుమ్మంలో వాడికి సెగ తగులుతుందా? పైగా వారంలోనూ బుధుడే ముందు. ఇద్దరినీ తారుమారు చేసి, టీచరు పరువు కాపాడానని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

వారం తిరక్కుండా తనిఖీ అధికారి వచ్చాడట. ఆ బడిలోనే చదివే మా అమ్మాయి అన్నం తింటూ చెప్పింది.

“బోర్డు చూసి, ఇదీ తెలియకుండా పాఠాలెలా చెబుతున్నారమ్మా అన్నాడు నాన్నా, మా అందరి ముందూ. టీచరుది ఇంకా పర్మనెంటు ఉద్యోగం కాదు కదా, ఉంటుందో ఊడుతుందో అంటున్నారు.”

“మీ టీచరేమంది?”

“సరిచూసుకోకపోవడం నా తప్పే సార్ అంది. మాకు మాత్రం సరిగ్గానే చెప్పింది. బుధుడికి ఒంటి మీద గాలే లేదంట, పగటి వేడి రాత్రికి నిలవదంట. శుక్రుడేమో మందపాటి గాలి దుప్పటి కప్పుకున్నాడు, లోపలికెళ్లిన వేడి బయటికి రాదు. నెప్ట్యూన్‌కి సూర్యుడు మరీ దూరం, అందుకే అంత చలి.”

గ్రహాలు రాశాను గానీ ఏమీ గ్రహించలేదు. ఆవిడ ఆగ్రహించనూ లేదు. నన్ను కాల్చింది అదే.

పొద్దున్నే టీచరు రాసిచ్చిన కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లాను. టీచరు అక్కడే సంజాయిషీ రాస్తోంది. బోర్డు మీద వరస మార్చింది నేనేనని చెప్పాను.

“ఎందుకు మార్చావయ్యా?” అన్నాడు హెడ్మాస్టరు.

“అతితెలివి సార్. అందులో ‘అతి’ వరకే నాది.”

ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ కాగితాన్నీ టీచరు సంజాయిషీనీ పోల్చి చూసి, “నేనే మార్చానని రాసి సంతకం పెట్టు, పైకి పంపుతాను. ఇక బడి పనులు నీకు రావు మరి,” అన్నాడు.

పెట్టాను.

టీచరు మెల్లగా, “ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా పెయింటరు గారూ,” అంది.

ఆవిడ పరువు పోయింది పిల్లల ముందు, కాగితం ముందు కాదు. అడిగి ఆవిడ వెంట క్లాసుకు వెళ్లాను. మూడో బెంచీలో మా అమ్మాయి నన్ను చూసి తల దించుకుంది.

“బోర్డులో తప్పు టీచరుది కాదర్రా,” అన్నాను. “నాది.”