హైద్రున్ చేతి నీళ్లు

రైన్ నది ఒడ్డున నీళ్లు పరీక్షించే ఆ ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా హైద్రున్‌ది ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. సెంటు పూసుకుని వచ్చినవాళ్లనీ, ఉంగరం తీయనివాళ్లనీ నమూనాల గది గుమ్మంలోంచే వెనక్కి పంపేది. డాక్టరేట్లున్న పెద్ద పెద్దవాళ్లకి కూడా ఆమె అంటే హడలే.

ఆ నెల మాత్రం అందరి కళ్లూ అక్కడ పరిశోధన చేస్తున్న వీబ్కె మీదే. నీళ్లలో జాడగా మిగిలిపోయే ఆడ హార్మోనుని వడకట్టే పొర కోసం ఆ పిల్ల నాలుగేళ్లు ధారపోసింది. మూడు వారాల క్రితం దాకా పొర భేషుగ్గా పనిచేసింది. తర్వాత ఏమైందో, వడకట్టిన నీళ్లలోనే హార్మోను ఎక్కువగా కనబడుతోంది.

"నీ పొర హార్మోన్ని ఆపడం లేదమ్మా, కంటోంది," అన్నాడు ప్రొఫెసర్ ఒస్వాల్ట్ కాఫీ కలుపుకుంటూ. "రేపు మీటింగులో తేల్చేద్దాం. ఇంక దీన్ని వదిలెయ్యడమే." ప్రొఫెసర్లకి జోకు దొరికితే చాలు, అవతలివాళ్ల నాలుగేళ్లు కళ్లకి ఆనవు.

ఆయన వెళ్లాక వీబ్కె, "నా చేతుల్లోనే ఏదో లోపం ఉంది, హైద్రున్," అంది.

చేతులు అనగానే హైద్రున్ తన చేతులకేసి చూసుకుంది. ముట్లుడిగాక ఒంట్లో సెగలు తట్టుకోలేక, మూడు వారాలుగా రోజూ పొద్దున్నే మోచేతుల దాకా డాక్టరిచ్చిన జెల్ రాసుకుంటోంది. అందులో ఉన్నది అదే హార్మోను. గ్లవ్స్ మణికట్టు దాకానే. వడకట్టిన నీళ్లు సీసాల్లో పట్టే పని తనొక్కతిదే.

నోరు మూసుకుని జెల్ మానేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఈలోగా పిల్ల పని మూతపడుతుంది. చెప్పాలంటే సిగ్గేసింది. దాచాలన్న ఆలోచన వచ్చినందుకు అంతకంటే సిగ్గేసింది. లేచి వెళ్లి, శుద్ధమైన నీళ్లతో తన మోచెయ్యి కడిగి, ఆ నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పెట్టింది.

మర్నాడు మీటింగులో ఆ ఫలితం చూసి ఒస్వాల్ట్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇంత హార్మోనా? ఏ మురుగు కాలవ నీళ్లివి?"

"కాలవ కాదు. నా చెయ్యి," అంది హైద్రున్. ఏం రాసుకుంటోందో, ఎందుకు రాసుకుంటోందో పదిమంది ముందు చెప్పింది. చెవులు ఎర్రబడ్డా ఆగలేదు. "పొర మంచిదే. పాడుచేసింది నేను. ఇకనుంచి సీసాలు వీబ్కె పట్టాలి."

ఎవరూ నవ్వలేదు. ఒస్వాల్ట్ తన కాగితం మీద పొర పని ఆపాలని రాసుకున్న వాక్యం కొట్టేశాడు.

వీబ్కె కళ్లనిండా నీళ్లతో ఆమె చెయ్యి పట్టుకోబోయింది. హైద్రున్ చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ముట్టుకోకు," అంది. "నువ్వింకా నమూనాలు పట్టాలి."