శుభ్రంగా ఉన్న ఇసుక

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేశాక ఇంట్లో మాటలన్నీ పిల్లికే దక్కాయి.

"దొరగారూ, కొందరికి తిన్న గిన్నె కడిగే అలవాటుండదు," అని అక్క వంటింట్లోంచి అనేది.

"దొరగారూ, కొందరి కుట్టుమిషన్ మోతకి చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు," అని చెల్లెలు మంచం మీంచి అందుకునేది.

తెల్లటి బొజ్జా నల్లటి వీపూ ఉన్న దొర, మీ గొడవ నాకెందుకన్నట్టు మధ్యలో కూర్చుని పంజా నాక్కునేవాడు.

దొర అమ్మ పెంచిన పిల్లి. అమ్మ పోయిన రోజు, ఆమెని ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్ళకముందే, చెల్లెలు అక్కతో ఒక మాట అంది: "నీ పోరు పడలేకే అమ్మ పోయింది." అమ్మ పోయింది గుండెజబ్బుతో. అది అక్కకీ తెలుసు. అయినా ఆ మాట ముల్లులా దిగింది, పైన చర్మం మూసుకుపోయింది. చూస్తే కనబడదు, వేలు తగిలితే సలుపుతుంది. అప్పట్నించి దొరకి వేళ తప్పకుండా తిండి పెట్టడం ఆమెకి పంతమైంది. వాడు నిగనిగలాడుతూ తిరుగుతున్నంత కాలం ఆ మాట అబద్ధం. వాడికేమైనా అయితే నిజం.

ఒకరోజు దొర తను ఒంటికీ రెంటికీ కూర్చునే ఇసుక పళ్ళెం దగ్గరికి పదే పదే వెళ్ళడం అక్క కంటపడింది. ఎక్కడం, వీపు వంచి ముక్కడం, ఉత్తినే దిగడం. మలబద్ధకమే అనుకుని పాలల్లో కాస్త నూనె కలిపి తాగించింది. మర్నాడు చూస్తే పళ్ళెంలో తడి లేదు, గడ్డ లేదు. ఇసుక దువ్వినట్టుంది. ఆమె ఒళ్ళు మండిపోయింది. చెల్లెలు తనకంటే ముందే లేచి శుభ్రం చేసిందన్నమాట. నీ చేత కాదు, నేనే చెయ్యాలి అని మొహాన కొట్టినట్టు.

"దొరగారూ, కొందరు ఒక్క పూట పని చేసి ఊరంతా టముకు వేస్తారు."

చెల్లెలు బస్టాండు టికెట్ కౌంటర్లో పనిచేస్తుంది. డ్యూటీకి తయారవుతున్నదల్లా దువ్వెన ఆపింది.

"చూశారా దొరగారూ, చేసేది తామే, దెప్పేది మనల్ని."

అక్కకి ఆ జవాబు అర్థం కాలేదు. అర్థం కావాలంటే అడగాలి. అడిగితే ఓడిపోయినట్టు. తలొంచుకుని కర్టెన్ అంచు మడిచి మిషన్ తొక్కింది.

సాయంత్రం చెల్లెలు తలుపు తీసేసరికి దొర చెప్పుల దగ్గర వాంతి చేసుకుని, ఎప్పుడూ వినని గొంతుతో అరుస్తున్నాడు. అక్క పరిగెత్తుకొచ్చి ఎత్తబోయింది. పొట్ట రాయిలా తగిలింది. వాడు ఆమె బొటనవేలు కొరికాడు. బుట్టకి రెండు పిడులుంటే చెరొకటీ పట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచారు. వదిలితే వాడు రెండోవాళ్ళ సొంతమైపోతాడన్నట్టు ఇద్దరూ పట్టు సడలించలేదు.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "మూత్రం ఎప్పుడు పోశాడు?"

"ఇసుక ఆవిడే తీస్తోంది, ఆవిణ్ణడగండి," అంది అక్క.

"నేనెక్కడ తీశాను? నిన్నా ఇవాళా అద్దంలా ఉంటే తనే తీస్తోందనుకున్నా."

"నువ్వు తియ్యలేదా?"

"నువ్వు తియ్యలేదా?"

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరుండేది ఒకే ఇంట్లోనా, పక్కపక్క దేశాల్లోనా? ఎవరూ తియ్యకుండా శుభ్రంగా ఉందంటే వీడు పొయ్యలేదనేగా. మగపిల్లికి మూత్రం వచ్చే దారి సన్నం. సన్నటి రాతిపలుకులు అడ్డం పడి మూసుకుపోయింది. ముక్కుతుంటే అందరూ మలబద్ధకమే అనుకుంటారు. ఇంకాస్త ఆలస్యం చేసుంటే చచ్చేవాడు. ఇప్పుడైనా మాటివ్వలేను."

"ఎందుకొస్తుందండీ ఇది?" చెల్లెలు అడిగింది.

"నీళ్ళు సరిగ్గా తాగకపోయినా, ప్యాకెట్లో వచ్చే ఎండు మేత ఒక్కటే పెట్టినా రావచ్చు. ఇంట్లో అలజడిగా ఉన్నా వస్తుంది. పిల్లులకి పోట్లాటలు పడవు."

చెల్లెలు ఏమంటుందో అక్కకి ముందే తెలుసు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"విన్నావుగా?" అంది చెల్లెలు.

"ఆ ఎండు మేత తెచ్చి పడేసేదెవరే?"

"నూనె పట్టించిందెవరే?"

"నోరు ముయ్!"

"నువ్వు ముయ్! అమ్మ ఉండగా ముయ్యలేదు, ఇప్పుడేం మూస్తావులే."

"బయటికి నడవండి ఇద్దరూ," అంది డాక్టరమ్మ. "ముందు నా రోగి బతకాలి."

వరండాలో బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. లోపల్నించి దొర ఒకసారి అరిచాడు. ఆ తర్వాత అరవలేదు. ఆ నిశ్శబ్దంలో అక్క బొటనవేలి గాటు నొక్కుకుంటూ కూర్చుంది. నెప్పి ఒక్కటే ఆమె వైపు ఉన్నట్టనిపించింది.

చాలాసేపటికి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మత్తిచ్చి సన్నగొట్టం వేశాను. మూత్రం దిగుతోంది. రేపు గొట్టం తీశాక తనంతట తను పోస్తేనే బతికినట్టు. ఫోన్ ఎవరికి చెయ్యను? ఒక్కరికే చేస్తాను. మీ మధ్య తపాలా మొయ్యలేను."

చెల్లెలు నోరు తెరిచేలోపే అక్క అంది: "దానికే చెయ్యండి." ఫోన్ నంబరు కూడా తనే గడగడా చెప్పేసింది.

దారిలో చెల్లెలు ఉండబట్టలేక అడిగింది. "నా నంబరెందుకిచ్చావు?"

"వాడు పోతే ఆ మాట నీ నోటితోనే చెప్పాలి. నా ఎదురుగా నిలబడి చెప్పాలి. నేను నిన్ను చూస్తూ వినాలి."

చెల్లెలు మొహం పాలిపోయింది.

మర్నాడు చెల్లెలు పనికి వెళ్ళలేదు. అక్క మిషన్ దగ్గర కూర్చుంది గానీ తొక్కలేదు. పక్కగదిలో ఫోన్ మోగింది. చెల్లెలు గొంతు సన్నగా వినబడింది, ఆగిపోయింది. తర్వాత ఎంతకీ అడుగుల చప్పుడు రాలేదు. ఆ కాసేపట్లో అక్క ఆ పాత మాటని ఎన్ని రకాలుగా వినాలో అన్ని రకాలుగా వింది.

చెల్లెలు గుమ్మంలోకొచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పోశాడట. తనంతట తనే."

అక్క తలెత్తలేదు. సూదిలోకి దారం ఎక్కించసాగింది.

"వినబడలా. గట్టిగా చెప్పు."

"పోశాడే. బతికాడు."

"మళ్ళీ చెప్పు."

చెల్లెలు పళ్ళు నూరింది. చెప్పింది.