కొరడా దెబ్బలు తిన్న గంట

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. ప్రజలే ప్రభువులని నిరూపించే లావుపాటి పుస్తకాలు నేను చాలానే మొదలుపెట్టాను. వాటిలో సగం దాటినవి తక్కువ. ప్రజలే ప్రభువులన్న సంగతి నా తలకెక్కింది ఒక గంట వల్ల, ఒక కుర్చీ వల్ల. ఇంకోటి కూడా చెప్పేయాలి: ఈ కథలో మనవాళ్లు గెలవరు. గెలిచే కథ కావాలనుకున్నవాళ్లు ఇక్కడే లేచి వెళ్లొచ్చు. నేనేమీ అనుకోను.

ఉన్నారా? సరే.

బర్గండీ సీమలో కూర్సెలేన్ అనే ఊరు. పారిస్ జనం జైలుకోట గోడలు కూల్చడానికి ఇంకా చాలా ఏళ్లుంది. ఆ పొద్దున ఎతియెనెత్ తన ఆవును తోలుకుని ఊరి పచ్చికకు వెళ్లింది. ఆమెకు మొగుడు లేడు, పొలం లేదు. ఉన్నవల్లా ఒక కొడుకు, ఒక ఆవు. ఆ ఆవు కడుపు నిండేది పచ్చిక మీదే. అది ఎవరి సొంతమూ కాదు. పొయ్యి వెలిగే ప్రతి ఇంటి పశువూ అక్కడ మేసేది. తాతలనాటి నుంచీ అంతే.

పచ్చిక చుట్టూ కంచె లేచి ఉంది.

ఆవు వెళ్లి ఒక గుంజకు మూతి ఆనించి నిలబడింది. ఎతియెనెత్ ఆ గుంజనే చూస్తూ ఉండిపోయింది. దాని మొన ఎడమచేతివాటంగా చెక్కి ఉంది. ఊళ్లో ఎడమచేత్తో గొడ్డలి పట్టేవాడు ఒక్కడే. ఆమె కొడుకు బ్లేజ్.

కంచె లోపల గుర్రం మీద దొరగారి దివాను గోద్రి ఉన్నాడు.

"వెనక్కి తోలుకో ఎతియెనెత్. ఇది దొరగారి జాగా."

"నిన్నటిదాకా మేపుకున్నాంగా, దివానుగారూ?"

"అది ఆయన మంచితనం."

"మా తాత కూడా ఇక్కడే మేపాడు."

"మీ తాత మీద కూడా మంచితనమే."

ఆమె ఇంటికొచ్చి కొడుకును నిలదీసింది. చర్చి గంట కొట్టడం బ్లేజ్ పని. దొర కబురంపిన రోజున మాత్రం వెట్టికి పోవాల్సిందే.

"జింకల తోటకి గుంజలు కావాలన్నారమ్మా. అడవిలోనే నరికి అడవిలోనే అప్పజెప్పాను."

"ఎక్కడ పాతుతారో అడగొద్దూ?"

"వెట్టోడు అడుగుతాడా, ఈ గుంజ ఎక్కడికి దొరా అని? అడిగితే దాన్ని ముందు నా వీపు మీదే పాతేవాళ్లు."

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. మన మెడకు తాడు మన చేతే పేనించడం దొరలకు వెన్నతో పెట్టిన విద్య. ఊరు మాత్రం బ్లేజ్‌ను వదల్లేదు. వీధిలో పోతుంటే ఆడవాళ్లు ఆవులా అంబా అన్నారు. అతను తల దించుకుని పోయాడు.

ఆదివారం పూజ అయ్యాక బ్లేజ్ గంట కొట్టాడు.

ఆ గంట పేరు సిదోనీ. దానికి జ్ఞానస్నానం చేయించిన నాడు జ్ఞానతల్లిగా నిలబడింది ఎతియెనెత్ అమ్మమ్మే. కంచు కొనే స్తోమత లేక ఇంటికో రాగి గిన్నె ఇచ్చి, కరిగించి పోత పోయించుకున్న గంట అది. పూజ తర్వాత సిదోనీ మోగితే పొయ్యికొకరు చొప్పున చర్చి ముందుకు రావాలి. అదే ఊరి సభ. మొగుడు పోయిన ఆడదైనా సరే, పొయ్యి ఉంటే మాట ఉంటుంది. కానీ దొర తరఫున దివాను వచ్చి కుర్చీలో కూర్చుంటేనే అది సభ. అప్పటిదాకా అది ఊరికే నిలబడ్డ జనం.

ఆనవాయితీ ప్రకారం కుర్చీ తెచ్చి వేశారు. మగవాళ్లంతా టోపీలు తీశారు. వాన మొదలైంది.

గోద్రి రాలేదు.

కబురంపారు. వస్తున్నానన్నాడు. నిలబడ్డారు. వాన పెరిగింది. టోపీలు చేతుల్లోనే ఉన్నాయి, నీళ్లు మెడల మీంచి వీపుల్లోకి కారుతున్నాయి. మళ్లీ కబురంపారు. మళ్లీ వస్తున్నానన్నాడు. ఇంతలో పచ్చిక వైపు నుంచి ధన్ ధన్ అని గునపాల చప్పుడు వినపడింది. కంచె చుట్టూ కందకం తవ్విస్తున్నాడు. ఊరంతా ఇక్కడ కుర్చీ ముందు చేతులు కట్టుకుని ఉందని అతనికి బాగా తెలుసు.

"పోయి ఆపుదాం పదండ్రా," అన్నాడు ఒకడు.

"సభ తీర్మానం లేకుండా ఎట్టా పోతాం?" అన్నాడు ముసలి నికేజ్. ఊరి కట్టుబాట్లన్నీ ఆయన నాలుక మీద ఉంటాయి. "దివాను లేకుండా సభేందిరా? ఫాదర్ లేకుండా పూజలాగా."

అప్పుడు క్లెమాఁ ముందుకొచ్చాడు. నేతగాడి కొడుకు. ఫాదర్ అవుతానని పట్నం పోయి, చదవకూడని పుస్తకాలు చదివి, చదువు మానేసి తిరిగొచ్చినవాడు.

"అయ్యలారా! సర్వాధికారం జనానిది. అది ముక్కలు చేయడానికి వీల్లేనిది, ఒకరికి రాసివ్వడానికి వీల్లేనిది."

"అంత బరువు మాట నోట్లో పెట్టుకుని పట్నం నుంచి ఎట్టా నడిచొచ్చావురా?" అంది ఎతియెనెత్. "ఇంకాస్త చిన్నది ఉంటే చెప్పు."

జనం నవ్వారు. క్లెమాఁ ఎర్రబడ్డాడు.

"సరే అత్తా. ఆ కుర్చీలో దొర మనిషి ఎందుకు కూర్చుంటున్నాడు? మనం ఒప్పుకున్నాం కాబట్టి."

"మేమెప్పుడు ఒప్పుకున్నాంరా?" అన్నాడు నికేజ్.

"నేనూ అదే అడుగుతున్నా తాతా."

"మా ముత్తాతలు ఒప్పుకునుంటారు."

"చచ్చినోళ్లు నీ తరఫున ఎట్టా ఒప్పుకుంటారు? నీ పెళ్లికి మీ ముత్తాత సరే అన్నాడా?"

"నా పెళ్లికి నేనే అన్లేదురా నాయనా."

మళ్లీ నవ్వులు. క్లెమాఁ మాత్రం నవ్వలేదు. కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. "అత్తా, ఇప్పుడు అందులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి వీళ్లు టోపీలు ఎవరికి తీశారు?"

గునపాల చప్పుడొక్కటే. మగవాళ్లు తమ చేతుల్లోని తడిసిన టోపీలను, ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

ఎతియెనెత్ కుర్చీ దగ్గరికి నడిచింది. పైటకొంగు లాంటి తన మెడగుడ్డతో దాని మీది నీళ్లు తుడిచింది. ఎత్తి తెచ్చి నికేజ్ వెనక వేసింది.

"మోకాళ్లు నొప్పన్నావుగా బాబాయ్. కూర్చో."

నికేజ్ కుర్చీని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. ఉరుము పడలేదు. మెల్లగా కూర్చున్నాడు. ముందుగా టోపీ పెట్టుకున్నది బ్లేజ్. తర్వాత ఒకరి వెంట ఒకరు అందరూ పెట్టుకున్నారు.

"ఏం చేద్దామంటారు?" అన్నాడు నికేజ్.

కంచె పీకాలన్న మాటకు చేతులు లేచాయి.

మర్నాడు ఊరు ఊరంతా వెళ్లి గుంజలు పీకింది. ముందు గుంజ పీకింది బ్లేజే. "నేను నరికాను, నేనే పీకుతా. మళ్లీ ఎవరైనా అంబా అంటే ఊరుకోను," అన్నాడు. అంబా అన్న ఆడవాళ్లే వాడి భుజం తట్టారు. ఎతియెనెత్ ఆవు లోపలికి పోయి, తల ఎత్తకుండా మేసింది.

కథ ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది.

గుర్రపు పోలీసులు వచ్చారు. ఊరిని చర్చి ముందు నిలబెట్టారు. గోద్రి అడిగాడు: "అనుమతి లేని సభకు గంట కొట్టింది ఎవరు?"

గంట కొట్టేవాడెవడో అతనికి తెలియక కాదు. ఊరి చేత చెప్పించాలి, అదీ సంగతి. జనం తమ చెక్కబూట్ల వైపు చూసుకున్నారు. క్లెమాఁ కూడా. నికేజ్ కూడా. చేతులెత్తిన జనమే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడ్డం రాలేదు కూడా. ఎతియెనెత్ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసుకున్నాడు.

"నేనే కొట్టాను."

శిక్ష ఇద్దరికి పడింది. బ్లేజ్‌కు జైలు. తిరుగుబాటుకు పిలిచిన నేరానికి సిదోనీకి కొరడా దెబ్బలు, ఊరి నుంచి బహిష్కారం. నవ్వొస్తోందా? ఆ రోజు అక్కడ ఎవరికీ రాలేదు. గంటను తాళ్లతో దించి చర్చి ముందు మట్టిలో పెట్టారు. పట్నం నుంచి వచ్చిన తలారి చొక్కా విప్పి కొరడా పట్టుకున్నాడు. కొట్టిన ప్రతిసారీ గంట లోపల్లోపల మూలిగింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ఆ కంచులో అందరి గిన్నెలూ ఉన్నాయి మరి.

బండికి కట్టేసిన బ్లేజ్ తల్లిని చూసి నవ్వబోయాడు. "చూశావామ్మా, నా వంతు కూడా అదే తింటోంది."

ఒకే బండిలో ఇద్దరినీ తీసుకుపోయారు. కంచె మళ్లీ లేచింది. ఈసారి గుంజలు వేరే ఊరివాళ్లు నరికారు. మేత లేక ఎతియెనెత్ ఆవును అమ్ముకుంది.

చలికాలం మధ్యలో కబురొచ్చింది. జైల్లో జ్వరం. బ్లేజ్‌ను అక్కడే, ఎక్కడో పూడ్చేశారు. శవం లేదు, బట్టలు లేవు. ఊళ్లో ఎవరు పోయినా సిదోనీ మోగాలి. ఊరందరి చావులకూ గంట కొట్టినవాడి చావుకు గంట లేదు.

ఎతియెనెత్ చర్చి మెట్ల దగ్గరికి వచ్చింది. మంచు పడుతోంది. వంగి కుడికాలి చెక్కబూటు తీసి రాతిమెట్టు మీద కొట్టింది. టక్. ఆగి మళ్లీ కొట్టింది. టక్. చావుగంట ఎలా కొట్టాలో అలాగే, మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఎడం ఇచ్చి.

ఒక తలుపు తెరుచుకుంది. ఆవులా అరిచిన ఆడవాళ్లలో ఒకామె వచ్చి పక్కన కూర్చుని తన బూటు తీసింది. తర్వాత క్లెమాఁ వచ్చాడు. ఆ తర్వాత పొయ్యికొకరు. కాసేపటికి ఊరంతా మంచులో ఒంటికాలి బూటుతో మెట్లను, గోడలను, చప్టాను కొడుతోంది. ఆ చప్పుడు దొరకోట దాకా పోయిందంటారు. పోయే ఉంటుంది.

నికేజ్ కుర్చీ మోసుకొచ్చాడు. మధ్యలో వేశాడు, కూర్చోలేదు.

"ఇది బ్లేజ్‌ది," అన్నాడు. "ఆ రోజు మనం నేల చూపులు చూశాం. అమ్మా ఎతియెనెత్, నీ ముఖం చూసే ముఖం లేదు నాకు."

"ఏడుపు తర్వాత బాబాయ్," అంది ఆమె. "సభ మొదలెట్టు."

మగవాళ్లు టోపీలు తీశారు. ఈసారి ఎవరికో వాళ్లకు తెలుసు.

"కంచె పీకాలనేవాళ్లు?" అడిగాడు నికేజ్.

చెక్కబూట్లు లేచాయి.

"రేపు మళ్లీ వాళ్లొచ్చి అడిగితే? గంట ఎవరు కొట్టారంటే?" ఆయనే మళ్లీ అడిగాడు.

జవాబుగా ఊరంతా ఒక్కసారిగా రాతి మీద కొట్టింది.

నా దగ్గరున్నది ఇంతే. మీ ఊళ్లోనో, మీ మిల్లులోనో, మీ హాస్టల్లోనో మీరంతా ఏ ఖాళీ కుర్చీ ముందు టోపీ తీసి నిలబడ్డారు? ముందుగా బూటు తీసి కొట్టింది ఎవరు? వాళ్ల పేరేమిటి? రాయండి. గెలవని కథైనా ఫర్వాలేదు.