తాతయ్య తొట్టి

కొడుకు పోయాక ఆ ఇంట్లో వాడిదంటూ మిగిలింది ఒక్క చప్పుడే. వంటింట్లో, ప్లాస్టిక్ తొట్టిలో వాడి తాబేలు గోళ్లతో గీకే చప్పుడు. దాని ముడతల మెడ చూసి వాడు "తాతయ్య" అని పేరు పెట్టాడు. "మీ తాత ఇంత అందవికారంగా ఉండేవారు కాదురా," అని నాయనమ్మ విరగబడి నవ్వేది.

ఇప్పుడావిడ నవ్వదు, వంటింటి గడప తొక్కదు. వాంతులూ విరేచనాలతో మనవడు కన్నుమూసిన రోజు కోడలు ఒక్క మాట అంది: "రాత్రి మిగిలిన కూర మీరే పెట్టారు కదా అత్తయ్యా." దుఃఖంలో ఉన్నవాళ్లకు నింద వేయడానికి ఎవరో ఒకరు కావాలి. ముసలావిడ దొరికింది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు.

ఈసారి వాడి చెల్లెలికి, చంటిపాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక గండం గడిచింది. డాక్టరమ్మ తల్లిని పక్కకు పిలిచింది.

"ఎడ్వర్డ్‌సియెల్లా టార్డా అనే క్రిమి అమ్మా. మేమే అరుదుగా చూస్తాం. చేపల్లో, తాబేళ్లలో ఉంటుంది. ఇంట్లో అలాంటివేమైనా పెంచుతున్నారా?"

తాబేలు ఉందంది తల్లి. "మా బాబుకీ ఇదేనా?"

"అప్పుడు పరీక్ష చేయించలేదుగా. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

అంట్లు తోమే సింకులోనే తాబేలుకు స్నానం. బయట కుళాయి దగ్గర కడగమని అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకునేది. "తాతయ్యకు జలుబు చేస్తుంది నాయనమ్మా!" అని వాడు. వాడికి వంతపాడుతూ తను. వాడు పోయాక ఆ పని ఇంకా ముద్దుగా చేసింది, అదే సింకులో, బియ్యం కడిగే గిన్నెతోనే నీళ్లు పోసి.

పాప బట్టల కోసం ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింటి గడప ఇవతల కూర్చుని ఉంది. కోడల్ని చూడగానే లేచింది.

"పాపకెలా ఉందమ్మా? నేనేమీ పెట్టలేదు దానికి. ఒట్టు."

కోడలు దగ్గరకు వెళ్లింది. ఆవిడ చేతులు పట్టుకుంది.

"పాపకు తాబేలు వల్ల వచ్చింది అత్తయ్యా. వాడికీ అందువల్లేనేమో. సింకులో కడిగింది నేను. మిమ్మల్ని అన్యాయంగా అన్నాను."

ముసలావిడ చేతులు విడిపించుకోలేదు.

"ఆ కూర నేనూ తిన్నాను కదమ్మా," అంది. "వాణ్ని తీసుకుపోయి నన్నెందుకు వదిలేసిందా అని ఇన్నాళ్లూ రోజూ చస్తున్నాను."

లోపల తాతయ్య తొట్టిని గీకుతూనే ఉన్నాడు.