మూడో డబ్బా చూపించిన పెళ్ళి

డోన్ పాత బస్టాండు వెనక సందులో స్టూడియో పెట్టుకున్న శివశంకర్‌కి ఒక జబ్బు ఉంది. ఏ వస్తువు కొన్నా దాని మీద నమ్మకం కుదరదు, దానికి పోటీగా ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టి చూస్తే తప్ప నిద్రపట్టదు. పాత వీడియో కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ డబ్బాల విషయంలోనూ అదే జరిగింది. ఊళ్ళో ఇప్పుడు ఆ పని చేసేది అతనొక్కడే. ఇరవై ఏళ్ళ కిందట ఆ కేసెట్లు తీసింది కూడా చాలావరకు అతనే. తను తీసిన పెళ్ళిళ్ళకు తనే మళ్ళీ ప్రాణం పోస్తున్నానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆ గొప్పలన్నీ ఒక గురువారం పొద్దున్నే బంద్ అయ్యాయి.

అంతకు పది రోజుల ముందు యశోద కేసెట్టు తెచ్చినప్పుడు అతనికి నవ్వొచ్చింది. నల్లటి ప్లాస్టిక్ మీద పసుపు పూసి, నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ళుగా అది దేవుని గూట్లో పటాల పక్కన ఉందట. లేబుల్ మీద మాత్రం తన చేతిరాతే. 'ఓబుళేశు – యశోద, మహానంది.'

"ఎప్పుడన్నా ఏసి చూసినారా మా?" అని అడిగాడు.

"యాడ చూసినాం అప్పా! పెండ్లయిన పదో నాడే మా మామ చచ్చిపాయ. సంవత్సరీకం అయ్యేదాకా చూడగూడదనిరి. తర్వాత టీవీ, డెక్కు బాడిగకు తెద్దాం, రేపు తెద్దాం మాపు తెద్దాం అనుకుంటానే ఉంటిమి. అంతలోకే ఆయనా పాయ."

ఓబుళేశు లారీ డ్రైవరు. కూతురు శిల్పకు పది నెలలున్నప్పుడు లారీ బోల్తా పడి చనిపోయాడు. ఫోన్లలో వీడియోలు లేని కాలం అది. ఇంట్లో మిగిలింది లైసెన్సు మీది ఫోటో ఒక్కటే, దాన్నే పెద్దది చేయించి గోడకు తగిలించారు. శిల్ప ఇప్పుడు కర్నూల్లో డిగ్రీ చదువుతోంది.

"మా పాప అడుగుతాండాది అప్పా, నాయన ఎట్ల నడుస్తాండె మా అని. పటంలో నడిచేది కనపడదు గదా," అంది యశోద. వీడియో మొదట్లో పెట్టమని ఆ లైసెన్సు ఫోటో కూడా అతని చేతిలో పెట్టింది.

శివశంకర్ కేసెట్టు విప్పి, దూదికి స్పిరిట్ అద్ది గంటసేపు తుడిచాడు. లోపలి చక్రాల పళ్ళ మధ్య కూడా కుంకుమే. భక్తి అంటే ఇంత భక్తా అనుకున్నాడు.

మొదటి డబ్బా అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఆన్‌లైన్‌లో చౌకగా దొరికింది. చౌక సరుకు చౌక బుద్ధే చూపించింది. రంగులు రాలేదు. బొమ్మ బూడిద రంగులో వణుకుతూ, మొహాలు పిండి చల్లినట్టు అలుక్కుపోయి కనిపించాయి. శివశంకర్ తీగ పీకేయబోతుంటే, పక్కన స్టూలు మీద కూర్చున్న యశోద అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండప్పా! అదిగో ఆయనే! ఆయన పక్కన నేను. నా పచ్చచీర, ఎర్రంచు... చూడు ఎట్ల మెరుస్తాండాదో!"

తెర మీద పచ్చా లేదు, ఎరుపూ లేదు. అయినా అతను తీగ వదిలేశాడు. ఆమె రెండు వేళ్ళతో తెరను తాకి కళ్ళకద్దుకుంది. ఆ బూడిద బొమ్మనే కూతురికి వాట్సాప్‌లో పంపించమని, పంపేదాకా కదల్లేదు.

రెండో డబ్బా కాస్త మేలురకం. రంగులైతే వచ్చాయి గానీ, టేపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెర నీలంగా మారిపోయేది. పైగా శబ్దం బొమ్మను వదిలేసి ముందుకు పరిగెత్తేది. గట్టిమేళం మోగి చల్లారిన తర్వాత ఎప్పటికో తాళిబొట్టు కనిపించింది. ఇది చూపిస్తే పరువు పోతుందని శివశంకర్ కర్నూలుకు ఫోన్ చేశాడు. అక్కడ చర్చి కార్యక్రమాలు రికార్డు చేసే మిత్రుడు వసంతకుమార్ దగ్గర మూడో డబ్బా ఉంది. వణికే బొమ్మను గీత గీతగా సర్ది నిలబెడుతుందట. బస్సెక్కి పోయి అడిగి తెచ్చుకున్నాడు. ఆమె ఆ బూడిదతోనే తృప్తిపడింది, ఎవరూ ఇంతకంటే మంచిది కావాలని అడగలేదు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

గురువారం పొద్దున డెక్కుకు మూడో డబ్బా తగిలించి, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది. పెళ్ళి మండపం వెనక గుడ్డకు గుచ్చిన థర్మోకోల్ అక్షరాలు మొదటి డబ్బాలో తెల్ల మచ్చలు, రెండోదాంట్లో సరిగ్గా అక్కడే నీలం కమ్మింది. ఇప్పుడు చక్కగా చదువుకోవచ్చు. 'కంబన్న వెడ్స్ లక్ష్మీదేవమ్మ.'

శివశంకర్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. టేపు వెనక్కి తిప్పి మూడోసారి చదివాడు. పెళ్ళికొడుకు బాసికం సర్దుకుంటూ కెమెరా వైపు తిరిగాడు. బల్ల మీది ఫోటోలో ఓబుళేశుది కోలమొహం, వెడల్పాటి నుదురు. తెర మీద ఉన్నది గుండ్రటి మొహం, గడ్డం మీద గాటు. పోలిక అన్నదే లేదు. చేతిలో టీ ఉందన్న సంగతే మరిచిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా అబద్ధమే, ఇన్నేళ్ళూ గుర్తు రాకుండా తొక్కిపెట్టుకున్నాడు. ఆ రోజు మహానందిలో ఆశకు పోయి ఒకే పొద్దున రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు. ఒకదాని వెనక ఒకటి తీసి, రెండు కేసెట్లూ సంచిలో పడేసి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో కునికిపాట్లు పడుతూ లేబుళ్ళు రాశాడు. నెల తిరక్కుండానే బద్వేలు నుంచి కంబన్న వచ్చి గల్లా పట్టుకున్నాడు. "ఎవడి పెండ్లో మాకిచ్చి పంపుతావా?" అని కేసెట్టు మొహాన కొట్టాడు. అది ఓబుళేశు పెళ్ళి. కంబన్నకు డబ్బు వాపసిచ్చి పంపేశాడు. ఓబుళేశు ఊరు ఎంత దూరం? బైకు మీద అరగంట. పోయి మార్చుకొస్తే సరిపోయేది. నలుగురికీ తెలిస్తే వచ్చే సీజన్‌లో ఎవరూ పిలవరని భయపడ్డాడు. చూసుకున్నప్పుడు వాళ్ళే వస్తారులే అనుకున్నాడు. వాళ్ళు రాలేదు. శ్రావణమాసంలో కేసెట్లకు కరువొచ్చినప్పుడు, అరలో ఉన్న ఆ కేసెట్టు తీసి, దాని మీదే ఎవరిదో ఓణీల ఫంక్షన్ ఎక్కించేశాడు.

తల్లీకూతుళ్ళు పన్నెండు గంటల బస్సుకు వస్తామన్నారు. శివశంకర్ చివరికి బూడిద బొమ్మనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. చూసేవాళ్ళకు సంతోషంగా ఉంటే చాలదా, టేపు పాడైందని చెబితే పోలా అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు.

శిల్ప లోపలికి వస్తూనే చెప్పులు విడిచి, గది మధ్యలో నిలబడింది.

"వారం నుంచి అదే చూస్తాండా అంకుల్. నాయన ఎడమ భుజం వాల్చి నడుస్తాడు, గమనించినారా? నేనూ అంతే. హాస్టల్లో అందరూ ఎగతాళి చేస్తాంటారు. ఇప్పుడు ఎవరన్నా నవ్వితే, ఇది మా నాయన నడక అని చెప్తాండా."

అని స్టూడియోలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి చూపించింది. వెనక యశోద మురిసిపోతూ చూస్తోంది. ఆ పిల్ల నడుస్తుంటే శివశంకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇవ్వబోయిన పెన్‌డ్రైవ్ గుప్పిట్లోనే చెమటకు తడిసిపోయింది.

"అది మీ నాయన కాదు తల్లీ," అన్నాడు.

ఇద్దరికీ అర్థం కాలేదు. అతను మూడో డబ్బా బొమ్మను తెర మీద వేశాడు. యశోద దగ్గరికి వచ్చి, థర్మోకోల్ అక్షరాలను కూడబలుక్కుని చదివింది. పెళ్ళికొడుకు మొహం చూసింది. ఇరవై నాలుగేళ్ళు తను హారతిచ్చిన కేసెట్టులో ఉన్నది ఈ మొహం.

"ఎవురు వీళ్ళు? ఎవురప్పా వీళ్ళు?" అంది.

"అయితే ఈ నడక ఎవరిది?" అంది శిల్ప.

లేబుళ్ళు తారుమారైన సంగతి చెప్పాడు. అంతవరకే చెప్పి ఆగాడు. వింటున్న యశోద మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"అంటే మాది వాళ్ళ కాడ ఉంటాది! యాడుండారు వాళ్ళు? బద్వేలా? పాపా, సంచి తీసుకో. ఇప్పుడే పోదాం. ఆయమ్మ గూడా తన పెండ్లి కోసం ఎదురుచూస్తా ఉంటాది పాపం."

ఆ వెలుగు చూసి శివశంకర్ బెదిరిపోయాడు. తిట్టినా, కొట్టినా ఓర్చుకునేవాడేమో. చెప్పిన సగం నిజం చెప్పాలనుకున్న అబద్ధం కంటే ఘోరంగా తయారైంది. గోడ పట్టుకుని మిగతా సగం కూడా చెప్పేశాడు. కంబన్న వచ్చింది, కేసెట్టు తన అరలో ఉండిపోయింది, శ్రావణమాసం, ఓణీల ఫంక్షన్.

యశోద స్టూలు మీద కూలబడింది. "మా ఊరు నీకు తెలీదా అప్పా? అరగంట దోవ గదా," అని మాత్రం అంది. తెర మీద ఎవరివో తలంబ్రాలు రాలుతున్నాయి.

శిల్ప అడిగింది. "తుడిపేముందర మీరు చూసినారా?"

"కొంచెం... ఏముందో అని ఏసి చూసినా తల్లీ."

"అయితే అది చూసినోళ్ళు మీరే. చెప్పండి. మా నాయన ఎట్లుండె? నవ్వినాడా?"

శివశంకర్ బుర్ర మొత్తం గాలించాడు. కెమెరా బ్యాటరీ అయిపోతోందని పడిన కంగారు గుర్తుంది. అడ్డం వచ్చిన స్తంభం గుర్తుంది. పెళ్ళికొడుకు మొహం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అతను తీసిన వెయ్యి పెళ్ళిళ్ళలో అదొకటి, అంతే. ఎదురుగా ఆ పిల్ల కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

"నవ్వినాడు తల్లీ. శానా నవ్వినాడు," అన్నాడు.

యశోద తల ఎత్తింది.

"ఇంక అబద్ధాలు చెప్పొద్దప్పా. ఆ పొద్దు ఆయనకు పన్ను నొప్పి. దవడ ఇంత లావు వాచిండె. పెండ్లంతా మూతి తెరవలా. తాళి కట్టేటప్పుడు గూడా లవంగం నములుతాండె, వాసన నా మీదికి కొడతాండె. మసక బొమ్మలో వాపు కనపడలేదులే అనుకున్యా నేను, పిచ్చిదాన్ని."

శివశంకర్ తల వంచుకున్నాడు. శిల్ప అతన్ని చూడటం ఎప్పుడో మానేసింది. నోరు తెరుచుకుని తల్లినే చూస్తోంది.

"లవంగమా? ఇన్నేండ్లలో ఒక్కసారన్నా నాకు చెప్పలేదే మా!"

"నేనేంటికి చెప్తా పాపా?" అంది యశోద. "అంతా కేసెట్టులో ఉండాది గదా అనుకుంటి."